అందని దూలం

సాయంత్రం పాలు పొయ్యి మీద ఎప్పుడు పెట్టాలో పొట్టొదినకి గడియారం చెప్పేది కాదు, చక్రం చెప్పేది.

పెరటి గుమ్మంలో నిలబడితే చాలు, రేవు పక్కనున్న తాళ్ళ కొట్టంలో చక్రం తిరిగే చప్పుడు వినిపించేది. కిర్రు, కిర్రు, కిర్రు అని, ముసలి బాతు నడుస్తూ సణుక్కుంటున్నట్టు. ఆ సణుగుడు ఆగిందంటే వాళ్ళాయన ఒక తాడు ముగించి నడుం వాల్చాడన్నమాట. అప్పుడు పాలు పెట్టేది. అవి పొంగేలోపు ఫ్లాస్కు కడిగి, టీ పోసి, మూత బిగించి వీధిలో పడేది. ఆమె కొట్టం చేరేసరికి ఆయన బల్ల మీద సర్దుకుని కూర్చుని, "వచ్చావా? ఇంకాస్త ఆగితే సముద్రం తాగేసేవాణ్ణి" అనేవాడు. రోజూ అదే మాట. రోజూ ఆమె, "తాగండి, నాకు పాలు మిగులుతాయి" అనేది.

ఆయన పోయాక ఆ చప్పుడు లేదు. మొదలవ్వని చప్పుడు ఆగడం ఎక్కడుంటుంది? దాంతో పాలు ఎప్పుడు పెట్టాలో ఆమెకి తెలియకుండా పోయింది. ఒకరోజు ఎండ దిగకముందే పెట్టేసేది. ఇంకోరోజు పెరట్లో బట్టలు తీస్తూ తీస్తూ మర్చిపోయి, ఎవరింట్లోనో టీ వాసన వస్తే అప్పుడు గుర్తొచ్చి లోపలికి పరిగెత్తేది. ఇద్దరి కొలతే పోసేది. ఒక గ్లాసు తాగి, రెండోది చల్లారాక మొక్కలకి పోసేది.

ఆ దీవి ఎంతుంటుందంటే, ఈ చివర తుమ్మితే ఆ చివరివాళ్ళు చిరంజీవ అంటారు. అంత చిన్నచోట ఒకళ్ళు పెట్టిన పేరు అందరి నోళ్ళలోనూ పడుతుంది. పెళ్ళైన కొత్తలో ఆడపడుచు "మా పొట్టొదిన" అని ముద్దుగా పిలిస్తే, ఊరంతా దాన్ని అందుకుంది. పడవ టికెట్లమ్మే ఆయన ఆమెకన్నా పెద్దవాడు, ఆయనకీ పొట్టొదినే. చక్రం తిప్పే తాత తండ్రి వయసువాడు, ఆయనకీ పొట్టొదినే. ఆ లెక్కన దీవి మొత్తం ఆమెకి మరుదులే.

వాళ్ళాయన మాత్రం తాటిచెట్టంత మనిషి. ఏ గుమ్మంలోకి వెళ్ళినా తల వంచాల్సిందే. ఇంట్లో కిటికీ పక్కన బల్ల మీద కూర్చుని, తల వెనక్కి గోడకి ఆనించి పాటలు వినేవాడు. తలకి పట్టించిన నూనె సగం జుట్టుకి, సగం గోడకి. ఆ మరక దగ్గర వాళ్ళ కాపురమంతా ఒకటే గొడవ. ఏటా వానలకి ముందు ఆమె ఇంటికి సున్నం వేసేది, ఆ మరకని గీకి గీకి మరీ వేసేది. గోడ ఆరీ ఆరకముందే అది మళ్ళీ మొహం చూపించేది.

"తలకింద గుడ్డైనా వేసుకోండి, మీకు పుణ్యముంటుంది" అనేది.

"ఎందుకే? గోడకి కూడా జుట్టు మొలుస్తుందేమో చూద్దాం" అనేవాడు.

ఆయన పోయింది పోయిన వానల్లో. పొద్దున్న లేచి మొహం కడుక్కుని, గుండెల్లో ఏదో పట్టేసినట్టుందని ఆ బల్ల మీదే కూర్చున్నాడు. అంతే. ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టకుండా వెళ్ళిపోయాడని ఊరంతా అన్నారు. ఇబ్బంది పెట్టినా బాగుండేది, ఇంకో నాలుగు రోజులు చేసిపెట్టేదాన్ని అని ఆమె అనుకుంది. పైకి అనలేదు. పిల్లలు లేరు. వంటింట్లో కాస్త ఎక్కువసేపు ఉండడం అలవాటు చేసుకుంది.

వేసవి మొదట్లో టికెట్టాయన తాళంచెవి పట్టుకుని వచ్చాడు. రేవులో ఆయన టికెట్లమ్మేవాడే కాకుండా దీవి పాత వస్తువుల సంఘానికి పెద్ద కూడా. ఆ సంఘంలో ఆయన, బడి పెద్దమ్మగారు, ఇంకో ఇద్దరు ఉంటారు. ఆ ఇద్దరూ సమావేశానికి రారు.

"వదినా, కొట్టం తాళం కొన్నాళ్ళు నీ దగ్గరుంచు" అన్నాడు.

"నాకెందుకండీ? నాకేం తెలుసు?"

"తెలియాల్సిందేముంది, తలుపు తీసి గాలాడనివ్వడమేగా. అసలు సంగతి చెప్తా విను." ఆయన గుమ్మంలోనే కూర్చుని చెప్పాడు.

తాళ్ళ కొట్టం దీవిలో అన్నిటికన్నా పాతది. రేవు నుంచి సముద్రం అంచుదాకా సాగిన పొడుగాటి, ఇరుకాటి కొట్టం. ఒక చివర చక్రం, రెండో చివర సముద్రం వైపు తలుపు. నైలాను తాళ్ళు వచ్చాక ఆ పని ఎప్పుడో మూలపడాల్సింది. ఆయనా, చక్రం తాతా మొండికేసి చేస్తూ వచ్చారు. పడవలవాళ్ళు కొందరు ఇప్పటికీ లంగరుకి పీచుమోకే కావాలనేవారు. అవతలి ఒడ్డున పెద్ద ఊళ్ళో మ్యూజియం ఉంది. అక్కణ్ణుంచి ఒక మేడమ్ అంతకుముందే ఒకసారి వచ్చి, ఫోటోలు తీసుకుని, చాలా మెచ్చుకుని వెళ్ళింది. ఇప్పుడు మళ్ళీ వస్తానని కబురు పెట్టింది. పేనే మనిషి పోయాడని తెలిసిందిగా. దీవివాళ్ళు కొట్టాన్ని బాగా చూసుకుంటున్నారనిపిస్తే ఇక్కడే ఉంచుతారు. లేదంటే చక్రం, కొక్కేలు, దిమ్మలు అన్నీ పడవెక్కించి వాళ్ళ మ్యూజియంలో అద్దాల వెనక పెట్టుకుంటారు.

"ఖాళీ అయితే చేపల షావుకారు కాచుక్కూర్చున్నాడు, ఐసు గిడ్డంగి చేస్తానని" అన్నాడు టికెట్టాయన.

ఆమె తాళంచెవి అందుకుంది. వాళ్ళాయన చేతులు పడ్డ చక్రం ఎవరూ తెలియని ఊళ్ళో అద్దం వెనక ఉండడం, ఆయన నడిచిన నేల మీద చేపలూ ఐసూ ఉండడం ఊహించుకుంది. మరుసటి సాయంత్రం ఎప్పట్లా టీ కాచి, ఫ్లాస్కూ తాళంచెవీ పట్టుకుని బయల్దేరింది.

కొట్టం గుమ్మం ముందు రాతి మీద చక్రం తాత కూర్చుని ఉన్నాడు. పని లేకపోయినా రోజూ వచ్చి కూర్చుంటున్నాడట. చెవులు సరిగా వినిపించవు కాబట్టి అందరితోనూ అరిచే మాట్లాడతాడు.

"టీ తెచ్చావా?" అని అరిచాడు.

"తెచ్చాను తాతా."

"పాలు పల్చగా ఉన్నాయా?"

"తాగి చెప్పు!"

తాగి, బాగుందని చెప్పకుండా గ్లాసు మళ్ళీ చాపాడు. ఆయన పోయాక రెండో గ్లాసు మొక్కలకి పోయకపోవడం అదే మొదటిసారి.

లోపల పీచు వాసన, తారు వాసన, చెక్క వాసన కలిసి ఆయన చొక్కా వాసనలా ఉంది. ఆమె బల్ల మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. తర్వాత ఇంటి ఆడదాని కళ్ళతో చుట్టూ చూసింది.

చూస్తే ఒళ్ళు జలదరించింది. ఇదేం మురికి దేవుడా! చక్రం పిడి నల్లగా జిడ్డోడుతోంది. కొక్కేల బల్ల నల్లగా ఉంది. మోకులు ఆనించే గుంజ మీద మనిషి భుజం ఎత్తున నల్లటి పట్టీ. కూర్చునే బల్లకి మధ్యలో గుంట పడి, ఆ గుంట నిండా నలుపే. బాగా చూసుకుంటున్నారా అని అడగడానికి వచ్చేవాళ్ళు ఇది చూస్తే ఏమంటారు? ఆ ఇల్లాలు ఇన్నేళ్ళూ ఏం చేసింది అనరూ?

మర్నాడు బకెట్టు, సబ్బుసోడా, ఇసక, కొబ్బరిపీచు పట్టుకుని వచ్చింది. ఆమె పనిలో దిగితే ఎలా ఉంటుందో దీవిలో అందరికీ తెలుసు. అడుగంటిన గిన్నె ఆమెకిస్తే కొన్ననాటి గిన్నెలా తిరిగొస్తుంది. రోజూ ఇంటిపని అయ్యాక వచ్చేది. చక్రం పిడి తోమింది. కొక్కేల బల్ల తోమింది. బల్ల గుంటలోకి గుడ్డ దూర్చి తోమింది. గుంజని చెయ్యి అందినంత మేర ఇసక పెట్టి రుద్దింది. ఆ పని చేస్తుంటే ఆయన పోయాక మొదటిసారి ఆమెకి ఆకలేసింది. అన్నం కలుపుకుని రెండోసారి పెట్టుకుంది.

ఇక మిగిలింది దూలం ఒక్కటే.

ఆ దూలం సంగతి చెప్పాలి. తాడు పేనేవాడు నడుముకి పీచు కట్టుకుని, దాని కొస చక్రం కొక్కేనికి తగిలించి, పీచు వదులుతూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. తాత చక్రం తిప్పుతుంటే పీచుకి పురి ఎక్కుతూ ఉంటుంది. నడిచేవాడి కళ్ళు ఆ పురి మీద నుంచి కదలకూడదు. తల తిప్పి వెనక్కి చూశాడా, అక్కడ తాడు సన్నబడిపోతుంది. మరి కొట్టం అయిపోయిందని ఎలా తెలుస్తుంది? సముద్రం వైపు తలుపుకి కాస్త ముందు అడ్డంగా ఒక దూలం ఉంది. చివరికొస్తున్నాననిపించినప్పుడు నడిచేవాడు ఎడంచెయ్యి పైకెత్తుతాడు. చెయ్యి దూలానికి తగలగానే ఆగిపోతాడు.

కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు ఆయన ఆమెని దానికింద నిలబెట్టి, "ఏదీ, అందుకో" అన్నాడు. ఆమె మునివేళ్ళ మీద లేచింది. ఎగిరింది. అందలేదు. ఆయన గుంజ పట్టుకుని నవ్వాడు. "నువ్వు తాడు పేనితే ఆగవే. అలా వెనక్కి వెనక్కి నడిచి సముద్రంలో పడతావు."

అది తలుచుకుని, ఇప్పుడు చూడండి అన్నట్టు, టికెట్టాయన గదిలోంచి ఎత్తు స్టూలు అడిగి తెచ్చుకుంది. దూలం కింద వేసింది. బకెట్టులో నీళ్ళు కలుపుతుండగా టికెట్టాయన పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, స్టూలు! నిలబడి టికెట్లిస్తుంటే మోకాళ్ళు పట్టేశాయి. రేపు తీసుకుందువుగాని."

"ఒక్క పూట కూర్చోకపోతే ఏమవుతుందండీ?"

"నేను కూర్చోకపోతే పడవ కదలదు. జనం నేను లేచానంటే పడవ వెళ్ళిపోయిందనుకుంటారు" అని స్టూలు నెత్తిన పెట్టుకుని పోయాడు.

సరే రేపు చూద్దాంలే అనుకుని ఆమె తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్న పడవలోనే మ్యూజియం మేడమ్ దిగింది. వచ్చే వారం రావాల్సింది, గాలి మారుతోందన్నారని ముందే వచ్చేసింది. బక్కపల్చగా, కళ్ళజోడుతో, ఎండకి కందిపోయిన మొహంతో, చూస్తే ఎవరింటి అమ్మాయో అనిపించే మనిషి. టికెట్టాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ముందు నడిచాడు. విషయం తెలిసి ఆడపడుచు పొయ్యి కట్టేసి వచ్చింది. తాత రాతి మీద నుంచి లేచి కర్ర సర్దుకున్నాడు. పొట్టొదిన తలుపు తీసి, చేతులు తుడుచుకుంటూ పక్కన నిలబడింది. లోపల ఎంత తళతళలాడుతోందో చూసి ఈవిడేమంటుందోనని లోలోపల కాస్త మురిసిపోతోంది కూడా.

మేడమ్ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. చక్రం దగ్గరికి వెళ్ళి పిడి మీద చెయ్యి పెట్టింది. అది కొత్త గరిటె కాడలా తెల్లగా ఉంది.

"పిడి మార్చారా?" అంది.

"లేదు మేడమ్, అదే" అన్నాడు టికెట్టాయన.

ఆవిడ గుంజ దగ్గరికి వెళ్ళింది. బల్ల గుంట చూసింది. "ఇక్కడ నల్లగా ఉండేది కదా. అంతా ఏమైంది?"

టికెట్టాయన గొంతు సవరించుకున్నాడు. "ఉప్పు గాలి మేడమ్. మా దీవిలో ఉప్పు గాలి ఎలాంటిదంటే, ఒక్కోసారి రాత్రికి రాత్రి..."

"నేనే కడిగానమ్మా" అంది పొట్టొదిన.

కొంగు సర్దుకుని ఆమే మళ్ళీ చెప్పింది.

"సబ్బుసోడాతో కడిగాను. మీరొస్తున్నారని. మురికిగా ఉందని."

మేడమ్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మెల్లగా చెప్పింది. "అది మురికి కాదమ్మా. చేతులు. ఇక్కడ పనిచేసినవాళ్ళందరి చేతుల చెమట, నూనె, తారు. తండ్రి చెయ్యి పట్టిన చోటే కొడుకు, ఆ కొడుకు కొడుకు. చక్రం అయితే వేరే చోట్ల కూడా చూశాను. ఆ నలుపు కోసమే నేను పోయినసారి అన్ని ఫోటోలు తీసుకున్నాను."

పొట్టొదిన చేతులు చూసుకుంది. ఇసకతో రుద్ది రుద్ది వేళ్ళ చివర్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.  తాత చేతులు, తాత తండ్రి చేతులు, ఆయన చేతులు. బకెట్టుకి బకెట్టు తనే మోసుకెళ్ళి సముద్రంలో పారబోసింది.

"ఏమంటోంది?" అని తాత అరిచాడు.

"మురికి కడగకూడదట!" అని ఆడపడుచు ఆయన చెవిలో అరిచింది.

"నేను చెప్పలేదూ!" అన్నాడు తాత. ఎవరికీ ఏమీ చెప్పలేదు ఆయన. ఆమె తోముతుంటే బయట కూర్చుని టీ తాగాడు.

మేడమ్ అలా నడుచుకుంటూ కొట్టం చివరిదాకా వెళ్ళింది. దూలం కింద నిలబడి తలెత్తింది. ఫోను లైటు వేసింది.

"మరి దీన్ని కడగలేదా?"

పొట్టొదిన తలొంచుకుంది. ఆడపడుచే చెప్పింది. "మా వదినకి అందలేదండీ."

ముందు టికెట్టాయన నవ్వాడు. మేడమ్ ఆపుకుందామని చూసి, ఆపుకోలేక తనూ నవ్వేసింది. ఆడపడుచు పొట్ట పట్టుకుంది. "చూశావా వదినా, మా అన్నయ్య నిన్ను ఏరికోరి పొట్టిదాన్ని ఎందుకు చేసుకున్నాడో ఇన్నాళ్ళకి తెలిసింది!"

"నా స్టూలు కూడా లెక్కలోకి రావాలి" అన్నాడు టికెట్టాయన. "ఆ పూట నేను కూర్చోబట్టే ఇది మిగిలింది."

"ఇలా వచ్చి చూడండమ్మా" అని మేడమ్ పిలిచింది.

ఆ దూలం అడుగుభాగాన్ని పొట్టొదిన ఎప్పుడూ చూడలేదు. ఎత్తులో, చీకట్లో ఉండేది. ఇప్పుడు లైటులో అది నల్లగా, నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. చేతులు తగిలీ తగిలీ చెక్క అరిగి, అక్కడక్కడా లోతు పడింది. తలుపు వైపు కొసన మాత్రం ఒక చెయ్యి విడిగా, అచ్చు గుద్దినట్టు ఉంది. తారు చెయ్యి. చిటికెన వేలు పక్కకి వంగి ఉంది.

ఆయన ఎడంచేతి చిటికెన వేలు అంతే. చిన్నప్పుడు చక్రంలో పడి వంగిపోయింది, మళ్ళీ తిన్నగా అవలేదు. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు కూడా అదొక్కటే ఎడంగా, పెళ్ళిలో అలిగిన చుట్టంలా నిలబడేది. పోయిన వానలకి ముందు లంగరు మోకుకి తారు పట్టిస్తున్నానని చెప్పాడు. ఆ చెయ్యి కడుక్కోమని ఆమె అరిచింది కూడా.

స్టూలు ఇంకో పూట ఉంటే దాన్ని తనే తోమేసేది. ఎవరిదో, ఏమిటో తెలియకుండానే.

ఆమె ఏడుస్తుందనుకుని ఆడపడుచు దగ్గరికి జరిగింది. ఏడవలేదు. తలెత్తి చూస్తూనే, "ఎప్పుడూ చేతులు కడుక్కోరు" అంది.

మేడమ్ చాలాసేపు ఫోటోలు తీసుకుంది. తర్వాత బల్ల మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "కడిగారన్నది నేను మా ఆఫీసులో దాచలేను. దూలం ఉందని కూడా చెప్తాను. కానీ వాళ్ళు అడిగేది ఇంకొకటుంది. ఇందులో ఇప్పుడు పని జరుగుతోందా, లేక తాళం వేసిన గదేనా అని. తాళం వేసిన గది అయితే, మా దగ్గర ఇంతకన్నా మంచి తాళాలున్నాయంటారు."

"ఏమంటోంది?" అన్నాడు తాత.

"పని జరుగుతోందా అని!"

తాత ముందుకొచ్చాడు. కర్ర గోడకి చేరేసి, చక్రం దగ్గరికి వెళ్ళి పిడి పట్టుకున్నాడు. "జారుతోంది, దిక్కుమాలిన సబ్బు" అని సణుక్కున్నాడు. తిప్పాడు.

కిర్రు, కిర్రు, కిర్రు.

వానల నుంచి వినని చప్పుడు. పొట్టొదిన ఒంట్లో ఏదో ఒక్కసారి సర్దుకున్నట్టయింది. అది ఆగగానే పాలు పెట్టాలి అనుకుంది. అనుకుని, తను ఇంట్లో లేదని గుర్తొచ్చి, కాస్త సిగ్గుపడింది.

"చక్రం తిరిగితే చాలా? నడిచేదెవరు?" అన్నాడు తాత, ఆమె వైపే చూస్తూ.

"నాకు రాదు తాతా."

"ఇన్నేళ్ళు టీ పట్టుకొచ్చి గుడ్లప్పగించి చూశావుగా. అప్పుడేం చూశావు, వాడి మొహమా?"

"ఆ, మొహమే చూసింది" అంది ఆడపడుచు. అని ఊరుకోకుండా మూలనున్న పీచు తెచ్చి వదిన నడుముకి చుట్టేసింది.

తాత కొస అందుకుని కొక్కేనికి తగిలించాడు. ఆమె వెనక్కి అడుగేసింది. పీచు వేళ్ళ మధ్య నుంచి జారుతుంటే, తిరుగుతున్న పురి చర్మాన్ని కొరుకుతున్నట్టుంది. కళ్ళు దాని మీదే పెట్టింది. ఒక చోట లావైంది, ఒక చోట దారమంత అయింది. ఇంకా నడిచింది. వెనక గాలి చల్లగా తగులుతోంది. ఎడంచెయ్యి ఎత్తింది. ఏమీ తగల్లేదు. ఇంకా పైకి చాచింది. గాలే.

"వదినా, ఆగు, సముద్రం!" అని ఆడపడుచు పరిగెత్తుకొచ్చి రెండు భుజాలూ పట్టుకుంది. మడమలు అప్పటికే గడప మీదున్నాయి. ఇంకో అడుగేస్తే మెట్లు, వాటి కింద నీళ్ళు.

ఆయన ఆనాడు అన్నది అన్నట్టే అయ్యింది. ఆమెకి నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఆగకుండా. నడుముకి పీచుతో, చేతిలో వంకర తాడుతో, గడప మీద నిలబడి నవ్వింది. ఆ ఇంట్లో దుఃఖం వచ్చిన తర్వాత ఆమె అలా నవ్వడం ఎవరూ చూడలేదు.

ఆడపడుచు వెంటనే ఒక పాత తాడు ముక్క వెతికి, టికెట్టాయన చేత దూలానికి కట్టించబోయింది. ఆయన చెయ్యి ఎత్తి, ఆగి, మేడమ్ వైపు చూశాడు. "కట్టొచ్చా? ఇది కూడా తప్పేనా?"

మేడమ్ ఆలోచించింది. "మేకు కొట్టకండి. ఆ చెయ్యి ఉన్న చోట కాకుండా ఈ పక్కకి, ముడి వేసి వేలాడదీయండి."

తాడు కొస పొట్టొదిన చెయ్యెత్తితే సరిగ్గా అందేలా వేలాడింది.

"ఇదిగో వదినా, నీ దూలం" అంది ఆడపడుచు.

మళ్ళీ మొదటి నుంచి నడిచింది. ఈసారి చేతికి తాడు తగిలింది, ఆగింది. చూస్తే ఆ పాయ, కప్పని మింగిన పాములా ఒక చోట ఉబ్బి ఉంది. తాత దాన్ని వేళ్ళతో తడిమి, "దీనికి పిల్లి కూడా ఉరేసుకోదు" అని తీర్పు చెప్పాడు. మేడమ్ మాత్రం ఆ ముక్క అడిగి తీసుకుని, సంచిలో భద్రంగా పెట్టుకుని సాయంత్రం పడవకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్ని రోజులు పొట్టొదినకి అన్నం సయించలేదు. పడవ వచ్చినప్పుడల్లా రేవు వైపు చూసేది. ఏ కబురూ లేదు. కానీ చేతులు ఊరుకోవు కదా. సాయంత్రాలు కొట్టానికి వెళ్ళి నడవడం మొదలుపెట్టింది. ఆమె నడుస్తోందని తెలిసి ఆడపడుచు వచ్చింది, తర్వాత ఎదురింటావిడ, రేవులో వలలు బాగుచేసేవాళ్ళు. ఎవరి ఎత్తుకి వాళ్ళు ఒక్కో తాడు ముక్క దూలానికి వేలాడదీసుకున్నారు. టికెట్టాయన కూడా ఒకరోజు నడిచాడు గానీ, మధ్యలో కూర్చోవాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆయన స్టూలు వదిలేసి, టికెట్ల డబ్బా చంకలో పెట్టుకుని వీధంతా పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఉంచుతారట! ఇక్కడే ఉంచుతారట! ఏమీ కడగకూడదు, చక్రం తిరుగుతూ ఉండాలి, అంతే!" ఆయన లేచాడు కదా అని రేవులో జనం పడవ వెళ్ళిపోయిందనుకుని ఇళ్ళకి తిరిగి పోయారు. ఆ పూట పడవ ఖాళీగా వెళ్ళింది.

పొట్టొదిన ఆ సాయంత్రం టీ ఎక్కువ పాలతో కాచింది. కొట్టంలో చక్రం పిడి పట్టుకుని చూసింది. తాత చెయ్యి పట్టే చోట, తెల్లటి చెక్క మీద, లేత టీ రంగులో ఒక నీడ మొదలైంది. గుంజ మీద ఆడవాళ్ళు ఆగి ఊపిరి తీసుకునే చోట కూడా. అది పాతది కాదు, పాతది మళ్ళీ రాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. గుంజ మీద ఆ కొత్త నీడ పాత పట్టీకన్నా బాగా కిందికి ఉంది, తన భుజం ఎత్తున. దాన్ని చూస్తే ఆమెకి బాధ కలగలేదు.

వానలు దగ్గర పడ్డాయి. ఎప్పట్లాగే ఇంటికి సున్నం కలిపింది. ఆడపడుచు సాయానికి వచ్చి, పీట ఎక్కి గోడల పైభాగం వేస్తుంటే, ఈమె కింద వేసింది. వంటిల్లు అయింది, గుమ్మం పక్క అయింది, ముందు గదిలో మూడు గోడలయ్యాయి. నాలుగో గోడ కిటికీ దగ్గరికి వచ్చేసరికి కుంచె నెమ్మదించింది. బల్ల పక్కకి జరిపి ఉంది. ఆ మరక అక్కడ అలాగే ఉంది, గుండ్రంగా, అంచులు పసుపుపచ్చగా, మధ్యలో కాస్త ముదురుగా. ఈ ఏడు అది పెరగలేదు.

ఆమె దాని చుట్టూ జాగ్రత్తగా వేసింది. ఒక పక్క నుంచి కుంచె తెచ్చి, అంచు దగ్గర ఎత్తేసి, మళ్ళీ అవతలి పక్క ఆనించింది. అప్పుడే పుట్టిన బిడ్డ నెత్తి మీద నీళ్ళు పోసేటప్పుడు కళ్ళల్లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టినట్టు.

ఆడపడుచు పీట దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇక్కడ వదిలేశావేంటి వదినా? ఇన్నేళ్ళూ దీని కోసమేగా మా అన్నయ్యని తిట్టింది! ఇంకా సున్నం ఉందిగా, ఇటివ్వు కుంచె."

"ఉండనీ."

ఆడపడుచు ఇంకేదో అనబోయింది. వదిన మొహం చూసి, గోడ చూసి, మాట మింగేసింది. బల్లకి ఒక పక్క తను పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని మళ్ళీ ఆ మరక కిందికి జరిపారు.

అప్పుడు రేవు వైపు నుంచి వినిపిస్తున్న కిర్రు కిర్రు ఆగిపోయింది. ఎదురింటావిడ తాడు ముగించినట్టుంది. పొట్టొదిన కుంచె బకెట్టులో పడేసి, సున్నం చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. బకెట్టులో ఆ కాస్త సున్నం అలాగే ఎండిపోయింది.